పరీక్షకు వెళ్లేది రొయ్య, లెక్కకు రానిది కాలువ

మా బాబాయి తన రొయ్యల చెరువు పట్టుబడికి ముందు చేయించిన పరీక్ష కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో పొలం దస్తావేజుల పక్కన దాచుకుంటారు. రొయ్యల పెంపకంలో నిషేధించిన యాంటీబయాటిక్‌లైన క్లోరాంఫెనికాల్ జాడ లేదు, నైట్రోఫ్యూరాన్ల జాడ లేదు అని ఆ కాగితం చెబుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకు దాని విలువ ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అది లేనిదే యూరప్‌కు సరుకు పంపే కంపెనీ ఏజెంటు ఆ చెరువు గట్టు ఎక్కడు. అదే వారంలో ఆ చెరువు తూముకు దిగువన, నీరు డ్రెయిన్‌లో కలిసే చోట, మా కాలేజీ విద్యార్థులు ఒక సీసా నింపుకొచ్చారు. ఆ నీటిలో నుంచి యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా బయటపడింది. ఒకే చెరువు గురించి కాగితం ఒక మాట చెప్పింది, సీసా మరో మాట చెప్పింది, రెండూ నిజమే చెప్పాయి. కాగితం ఒక్కటే చూసుకొని నిశ్చింతగా ఉండడం మనం చేస్తున్న పెద్ద తప్పని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. మా ప్రయోగశాలలో ఖరీదైన యంత్రాలేమీ లేవు. ఒక ఆటోక్లేవు, ఒక ఇంక్యుబేటరు, బాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన అగర్ పళ్లేలు, స్కేలు ఉన్నాయి. నీటిని ఇఎంబీ అగర్ మీద పూస్తే ఈ.కోలై అనే బాక్టీరియా కాలనీలు, అంటే గుంపులు, పచ్చని లోహపు మెరుపుతో పైకి తేలతాయి. ఆ కాలనీని సెలైన్‌లో కలిపి, దూదిపుల్లతో ముల్లర్ హింటన్ అగర్ పళ్లెం నిండా పూసి, దాని మీద మందు పట్టించిన చిన్న కాగితపు డిస్కులు పెట్టి, 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. తెల్లవారేసరికి బాక్టీరియా పాల మీద తొలి మీగడలా పలుచగా పరుచుకుంటుంది. మందు పనిచేసిన డిస్కు చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డిస్కు చుట్టూ ఆ ఖాళీ వలయం అడ్డకొలత 26 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే ఈ.కోలై మందుకు లొంగినట్టు, 21 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే లొంగనట్టు లెక్క. తూము దగ్గర పట్టిన నీటి పళ్లెంలో బాక్టీరియా ఆ డిస్కు అంచును తాకుతూ పెరిగింది. కొలిచిన అమ్మాయి రికార్డు పుస్తకంలో 6 అని రాసి, ఇంత తక్కువ ఉంటుందా, తప్పు కొలిచానా అని నా దగ్గరికి తెచ్చింది. తప్పేమీ లేదు. ఆరు మిల్లీమీటర్లు ఆ డిస్కు సొంత అడ్డకొలత; అంటే దాని చుట్టూ ఖాళీ ఏమీ లేదని అర్థం.

ఒక్క పళ్లెంతో ఏదీ రుజువు కాదు. ఆ బాక్టీరియా చెరువులో పుట్టిందో, పై ఊరి మురుగులో వచ్చిందో, గట్టు మీద మేసే గేదెల నుంచి వచ్చిందో ఆ పళ్లెం చెప్పదు. కానీ మన పరీక్షలన్నీ ఏ ప్రశ్న అడుగుతున్నాయో, ఏ ప్రశ్న అడగడం లేదో అది నాకు స్పష్టంగా చూపించింది. బాబాయి దాచుకున్న కాగితం రొయ్య మాంసంలో మందు మిగిలి ఉందా అని మాత్రమే అడుగుతుంది. మందు ఎండకూ, నీటికీ, కాలానికీ కరిగిపోయే పదార్థం. వాడకం ఆపి, గడువు పాటిస్తే చాలా మందులు మాంసంలో కొలతకు అందనంత తగ్గిపోతాయి. మందును తట్టుకొనే జన్యువు అలాంటిది కాదు. అది బాక్టీరియాతో పాటు రెట్టింపవుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అనుకూలమైన వేడిలో, తగినంత తిండి దొరికే చోట ఈ.కోలైకి ఆ రెట్టింపుకు ఇరవై నిమిషాలు చాలు. మందు పోయినా జన్యువు ఉంటుంది, చెరువు ఎండగట్టినా డ్రెయిన్‌లో ఉంటుంది. మనం వెతుకుతున్నది వెళ్లిపోయే అతిథిని. మన ఇంట్లో కాపురం పెట్టినదాన్ని మనం పలకరించడం కూడా లేదు.

మందు అవశేషాల పరీక్షను నేను తక్కువ చేయడం లేదు. 2002 ప్రాంతంలో మన రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ దొరికి విదేశాల్లో సరుకు తిరస్కరణకు గురైనప్పటి నుంచి ఈ రంగం చాలా నేర్చుకుంది. యూరప్ 2016లో మన చెరువు రొయ్యల సరుకు మీద తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 2022 నవంబరు నుంచి అక్కడ కిలో సరుకులో క్లోరాంఫెనికాల్ 0.15 మైక్రోగ్రాము దొరికినా చర్య తప్పదు. అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం కూడా ఉండకూడదు. 2023-24లో మన దేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 60,523 కోట్ల రూపాయలు ఆర్జించింది. అందులో సింహభాగం శీతలీకరించిన రొయ్యలది, ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర తీరానిది. ఇంత డబ్బు ఆధారపడిన చోట అంత సూక్ష్మమైన తనిఖీ ఉండడం సహజం. నా బాధ ఏమిటంటే, ఆ తనిఖీ కొనేవాడి పళ్లెంలోకి ఏమి వెళ్తున్నదో చూస్తుంది గానీ, పెంచేవాడి కాలువలోకి ఏమి వెళ్తున్నదో చూడదు. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చెరువుల నుంచి వదిలే నీటికి ప్రమాణాలు పెట్టింది. ఉదజని సూచిక, తేలియాడే మడ్డి, కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా, నీటిలోని మురుగును కొలిచే బీఓడీ, సీఓడీ, ఫాస్ఫేటు, నత్రజని అందులో ఉన్నాయి. మందుకు లొంగని బాక్టీరియా ఎంత అన్న గడి ఆ పట్టికలో లేదు.

ఈ జన్యువులు ఎలా ప్రయాణిస్తాయో తెలిస్తే ఆ గడి లేకపోవడం ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో రక్తవిరేచనాల రోగుల నుంచి తీసిన షిగెల్లా బాక్టీరియా ఒకేసారి మూడు నాలుగు మందులకు లొంగకపోవడం వైద్యులను కలవరపెట్టింది. ఒక్కో మందుకు ఒక్కో మార్పు చొప్పున అన్ని మార్పులూ ఒకే బాక్టీరియాలో ఒకేసారి జరగడం దాదాపు అసాధ్యం. 1959లో అకిబా, ఒచియాయ్ బృందాలు మందుకు లొంగని ఈ.కోలైని, లొంగే షిగెల్లాను ఒకే గొట్టంలో కలిపి పెంచితే, ఆ లొంగని గుణమంతా మూటగా షిగెల్లాలోకి చేరిందని చూపించాయి. ఆ మూటనే ఇప్పుడు ప్లాస్మిడ్ అంటున్నాం. అది బాక్టీరియా క్రోమోజోముకు వెలుపల తిరిగే చిన్న డీఎన్‌ఏ వలయం; తల్లి నుంచి బిడ్డకే కాక, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా చేరగలదు. అందుకే పెన్నూ పుస్తకం పట్టుకొని ఒక రోగక్రిమి పేరు రాసుకొని దాన్ని మాత్రమే వెంటాడితే సరిపోదు. రోగం కలిగించని సాధారణ బాక్టీరియా కూడా ఈ మూటను మోసుకెళ్లి, రోగం కలిగించేదానికి అందించగలదు.

మా రొయ్యల రైతులకు ఈ సంగతి పరాయిది కాదు, వాళ్లు దాన్ని ఈ పేరుతో పిలవరంతే. 2009 నుంచి చైనా, వియత్నాం, థాయిలాండ్ చెరువులను ఖాళీ చేసిన ఈఎంఎస్ జబ్బు, అంటే పిల్ల వేసిన నెల లోపే రొయ్యలు పడిపోయే జబ్బు, విబ్రియో పారాహీమోలిటికస్ అనే సముద్ర బాక్టీరియా వల్ల వస్తుందని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. ఆ బాక్టీరియా అన్ని చోట్లా ఉంటుంది, అన్నీ రొయ్యలను చంపవు. చంపేదాని దగ్గర విషాన్ని తయారుచేసే జన్యువులు ఉన్న ఒక ప్లాస్మిడ్ ఉంది. ఒక డీఎన్‌ఏ వలయం చేతులు మారితే దేశాల ఎగుమతులు కుప్పకూలాయి. విషపు జన్యువు అలా తిరగగలిగినప్పుడు, మందును తట్టుకొనే జన్యువు తిరగదని ఎలా అనుకుంటాం?

ఇంకొక సంగతి నన్ను చాలా కాలం ఆలోచనలో పడేసింది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులు ప్రకృతిలో లేవు, పూర్తిగా మనుషులు తయారుచేసినవి. కాబట్టి వాటిని తట్టుకొనే జన్యువు ప్రకృతిలో సిద్ధంగా ఉండదని చాలామంది భావించారు. 1994లో అమెరికాలోని అలబామాలో ఒక రోగి నుంచి సేకరించిన క్లెబ్సియెల్లాలో, ఈ మందుల నుంచి బాక్టీరియాను కాపాడే జన్యువు ప్లాస్మిడ్ మీద దొరికింది. దానికి క్యూఎన్‌ఆర్ అని పేరు పెట్టారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతికిన ఫ్రాన్స్ పరిశోధకులకు 2005లో దాని పుట్టిల్లు షెవనెల్లా ఆల్గే అనే బాక్టీరియాలో కనిపించింది. షెవనెల్లా ఉప్పునీటిలో బతికే జీవి. అంటే ఆసుపత్రి మందును ఓడించిన జన్యువు సముద్రం నుంచి ఆసుపత్రికి వచ్చింది. సముద్రాన్ని మనం అన్నీ పోసే గుంటగా, పోసినదంతా పలుచబడి మాయమయ్యే చోటుగా చూస్తాం. సముద్రం పెద్ద విత్తన గాదె కూడా. మనం వదిలే మందు ఆ గాదెలో ఏ గింజ మొలవాలో ఎంచిపెడుతుంది.

ఆ ఎంపికకు మందు ఎక్కువ అవసరం లేదు. 2011లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు బాక్టీరియాను ఆపే మోతాదులో వందో వంతు కన్నా తక్కువ మందు ఉన్న చోట కూడా లొంగని బాక్టీరియా మిగతావాటిని దాటుకొని పెరుగుతుందని చూపించారు. రొయ్యలకు మేతలో కలిపి పెట్టిన మందులో కొంత రొయ్య తినకముందే నీటిలో కరుగుతుంది, కొంత తిన్నాక మలంతో బయటికి వస్తుంది, కొంత అడుగు బురదలో చేరుతుంది. నీటిలో అంత పలుచన అయ్యాక ఏం చేస్తుందిలే అన్న ధైర్యానికి ఆధారం లేదు.

మరొక అధ్యయనం కూడా 2011 నాటిదే. ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నుంచి 171 నమూనాలు, కుళాయి నీటి నుంచి 50 నమూనాలు తీసుకొని ఎన్‌డీఎం-1 అనే జన్యువు కోసం వెతికారు. మిగతా మందులు విఫలమైనప్పుడు వాడే కార్బపెనెమ్‌లను ఛేదించే ఎంజైముకు జన్యువు అది. నిలిచిన నీటిలో 51 చోట్ల, కుళాయి నీటిలో రెండు చోట్ల అది దొరికింది. కలరా క్రిమిలోనూ, షిగెల్లాలోనూ కూడా ఉంది. ఆ నివేదికలో నా చూపు ఆగిపోయిన వాక్యం వేరు: ఆ ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి మరోదానికి మారే వేగం 30 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఉంది. 30 డిగ్రీలంటే మన తీరపు కాలువల్లో ఏడాదిలో చాలా నెలలు ఉండే నీటి వేడి.

ఇక్కడ రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. యనమదుర్రు డ్రెయిన్ గట్టు మీద నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పట్టణపు మురుగు, ఆసుపత్రుల నీరు, కోళ్ల ఫారాల కడుగు, చేపల చెరువుల నీరు, రొయ్యల చెరువుల నీరు అన్నీ ఆ దారినే ఉప్పుటేళ్ల వైపు, సముద్రం వైపు పోతాయి. ఈ.కోలై పేగుల్లో బతికే బాక్టీరియా. అది కాలువలో ఉందంటే మలం కాలువలో ఉందని అర్థం, దానికి రొయ్య కారణం కాదు. ఇంకా ఎగువకు వెళ్తే హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలే చోట లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. దగ్గర్లోని కాజిపల్లి చెరువులో లొంగని జన్యువుల గుంపునే తరువాతి అధ్యయనాలు చూపించాయి. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో మందుల కర్మాగారాల వ్యర్థజలంలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో పరిమితులు ప్రతిపాదించింది. 2021లో తుది నిబంధనలు వెలువడేసరికి ఆ పరిమితులు వాటిలో లేవు. ఆ పరిమితులను తిరిగి తీసుకురావాలని నేను కోరుతున్నాను. రైతుకు నీతులు చెప్పే హక్కు ఆ పని చేసిన తరువాతే ప్రభుత్వానికి వస్తుంది.

అయినా రైతు చేతిలో ఉన్న పని కూడా ఉంది. మూడేళ్ల కిందట ఒక రాత్రి బాబాయి నన్ను చెరువు దగ్గరికి రమ్మన్నారు. పిల్ల వేసి అరవై రోజులు దాటింది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. టార్చి వెలుగులో చెక్ ట్రే పైకి లాగితే మేత అలాగే మిగిలి ఉంది, నాలుగు రొయ్యలు పక్కకు వాలి ఉన్నాయి, పేగు తెల్లగా, తాడులా కనిపిస్తోంది. గట్టు వారన చచ్చినవి తేలుతున్నాయి. మందుల దుకాణం నుంచి అరువుకు తెచ్చిన ఒక పొట్లం ఆయన చేతిలో ఉంది. దాని మీద పేరు లేదు, మోతాదు లేదు, లోపల పసుపు రంగు పొడి ఉంది.

“ఇందులో ఏముందో చెప్పారా బాబాయ్?” అని అడిగాను.

“పేగుకు మంచిదన్నారు అమ్మాయ్. కిలో మేతకు ఇంత కలపమన్నారు. లీజు కట్టాలి, మేత బాకీ ఉంది. ఈ రాత్రి ఏమీ చేయకుండా ఇంటికి పోయి పడుకోమంటావా?” అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు రొయ్యలను పరీక్షకు పంపితే ఈహెచ్‌పీ అని వచ్చింది. అది బూజు జాతికి దగ్గరైన సూక్ష్మజీవి. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. మన రైతులను 1994-95 నుంచి దెబ్బతీస్తున్న తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. దాన్నీ ఏమీ చేయదు. అంటే రైతు భయంతో వాడే మందులో చాలా భాగం అతని రొయ్యను కాపాడదు, కానీ అతని కాలువలో బాక్టీరియాకు పాఠం నేర్పుతుంది. నార్వే సాల్మన్ చేపల కథ మనకు తరచుగా చెబుతారు. 1987లో అక్కడ ఏడాదికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్‌లు వాడేవారు, టీకాలు వచ్చాక ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటినా వాడకం టన్ను లోపుకు పడిపోయింది. అది గొప్ప విజయమే. కానీ రొయ్యకు చేపకున్నట్టు ఒకసారి వచ్చిన క్రిమిని గుర్తుపెట్టుకొనే రోగనిరోధక వ్యవస్థ లేదు. అందువల్ల అదే దారిలో టీకా వేసి గట్టెక్కడం కుదరదు. రొయ్యల రైతుకు టీకా స్థానంలో ఉన్నవి జబ్బులేని పిల్ల, తక్కువ సాంద్రత, శుభ్రమైన నీరు, రాత్రిపూట కూడా అందే రోగనిర్ధారణ. ఆ రాత్రి చెరువు గట్టు మీద ఈహెచ్‌పీ అని చెప్పగలిగేవారు ఉండి ఉంటే ఆ పొట్లం విప్పవలసిన అవసరమే వచ్చేది కాదు. పేరు లేని పొట్లం అమ్మినవారి మీద నాకు కోపం ఉంది. కొన్న మనిషి మీద లేదు.

ఈ వాదన నాకు పుస్తకంలో మొదలైంది గానీ ఇంట్లో స్థిరపడింది. పోయిన సంవత్సరం మా అమ్మకు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. నేను ఏళ్ల తరబడి విద్యార్థుల చేత నింపించిన పట్టికే ఒక కల్చర్ రిపోర్టుగా నా చేతికి వచ్చింది. నోటితో మింగే మందుల వరుసలో ఒకదాని కింద ఒకటిగా అన్నింటికీ ‘ఆర్’ అని ఉంది, అంటే లొంగదని. చివరి మూడు నాలుగు వరుసల్లో ‘ఎస్’ కనిపించింది. రోజుకొకటి చొప్పున పది రోజులు కార్బపెనెమ్ కుటుంబపు మందు ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్లు చేయించాం. ఆమె కోలుకుంది. ఆ బాక్టీరియా ఆమె ఒంట్లోకి రొయ్యల నుంచి వచ్చిందని నేను చెప్పను. అలా చెప్పగలిగే ఆధారం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. లేకపోవడానికి కారణం మనం లెక్క రాసుకోకపోవడమే. కాలువలో ఏముందో, మార్కెట్లో ఏముందో, మనుషుల పేగుల్లో ఏముందో పక్కపక్కన పెట్టి చూసే చిట్టా ఉంటే ఎటు నుంచి ఎటు వెళ్తున్నదో కనీసం ఊహించవచ్చు. 2019లో మందుకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ పరిశోధకుల అంచనా. ఆ అంకె చదివినప్పుడు నాకు కలగని భయం ఆ రిపోర్టులో వరుసగా ఉన్న ‘ఆర్’లు చూసినప్పుడు కలిగింది.

వండితే చస్తాయి కదా అని మా బంధువులు అంటారు. నిజమే, బాగా ఉడికిన రొయ్యల కూరలో బతికిన బాక్టీరియా ఉండదు. మన వంట పద్ధతి మనకు పెద్ద రక్షణ. కానీ రొయ్య కూరగా మారేలోపు మన వంటింట్లో చాలా దూరం నడుస్తుంది. మా అమ్మ రొయ్యలు ఒలిచే తీరు నాకు కళ్లకు కట్టినట్టు ఉంది: కత్తిపీట దగ్గర తల తీసి, వెన్ను మీది నల్లని దారం, అంటే పేగు, లాగేసి, ఉప్పూ పసుపూ వేసి రుద్ది, నాలుగు నీళ్లు పారబోసి, అదే చేత్తో కుళాయి తిప్పి, చెయ్యి ఒకసారి నీళ్లలో ముంచి, పెరుగుపచ్చడికి ఉల్లిపాయ అందుకుంటుంది. బాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ నల్లని దారంలోనే. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ పరిశోధకులు అక్కడి చేపల మార్కెట్లలో తాజాగా అమ్మే చేపల మీద, రొయ్యల మీద యాంటీబయాటిక్‌లలో ఒక కుటుంబమైన మూడో తరం సెఫలోస్పోరిన్‌లకు లొంగని ఈ.కోలైని, కొన్నింటిలో ఎన్‌డీఎం జన్యువును కూడా గుర్తించారు. నీటి నుంచి మనిషికి నేరుగా చేరడం మీద కూడా ఆధారం ఉంది: బ్రిటన్‌లో 2018లో ప్రచురితమైన అధ్యయనంలో అలల మీద సర్ఫింగ్ చేసేవారిలో 9 శాతం మంది పేగుల్లో ఆ కుటుంబానికే చెందిన సెఫోటాక్సిమ్‌కు లొంగని ఈ.కోలై ఉంటే, చేయనివారిలో 3 శాతం మందిలోనే ఉంది. వాళ్లు సరదాకు సముద్రంలో దిగేవాళ్లు. మన తీరంలో ఉప్పుటేరులో నడుములోతు నీళ్లలో రోజంతా నిలబడి పీతలు, పిల్ల రొయ్యలు పట్టేవాళ్లు, చెరువులో దిగి వల లాగేవాళ్లు ఉన్నారు. వాళ్ల పేగుల్లో ఏముందని ఎవరు అడిగారు?

ఈ జన్యువులు లక్షల ఏళ్లుగా ప్రకృతిలో ఉన్నవేనని, ఇప్పుడు మనం చేయగలిగేది లేదని మరికొందరు చదువుకున్నవారే అంటారు. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలో కూడా ఇలాంటి జన్యువులు దొరికిన మాట వాస్తవం. అయితే ఉండడం వేరు, పెరగడం వేరు. మిగతా మందులు విఫలమైనప్పుడు వాడే కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిష్ఫలం చేసే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద తిరుగుతున్నదని 2015లో చైనాలో బయటపడింది. 2017లో ఆ దేశం పశువుల మేతలో కోలిస్టిన్ కలపడాన్ని ఆపేసింది. 2015-16లో పందుల నుంచి తీసిన ఈ.కోలైలో 34 శాతం కోలిస్టిన్‌కు లొంగకపోతే, 2017-18కి అది 5.1 శాతానికి దిగింది, కోళ్లలో 18.1 నుంచి 5 శాతానికి దిగింది. రెండు మూడేళ్లలో వచ్చిన మార్పు అది. మన దేశం కూడా 2019 జూలైలో పశువులకు, కోళ్లకు, ఆక్వాకు కోలిస్టిన్‌ను నిషేధించింది. ఆ నిర్ణయాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ చైనాకు తమ నిషేధం పనిచేసిందని ఎలా తెలిసింది? ముందూ లెక్కపెట్టారు, తరువాతా లెక్కపెట్టారు. మన డెల్టా చెరువుల్లో నిషేధానికి ముందు ఎంత ఉందో, తరువాత ఎంత తగ్గిందో చెప్పే అంకె ఏ రైతుకైనా, ఏ వైద్యుడికైనా అందుబాటులో ఉందా? ఆహార భద్రతా సంస్థ 2025 ఏప్రిల్ నుంచి దేశీయంగా అమ్మే మాంసం, పాలు, గుడ్లు, చెరువు ఉత్పత్తుల మీద యాంటీబయాటిక్ నిబంధనలను కఠినం చేసింది. అది మంచి అడుగు. అదీ మందునే వెతుకుతుంది.

లెక్కపెట్టడానికి కోట్ల రూపాయల యంత్రాలు కావాలన్నది అపోహ. మాంసంలో మందు అవశేషాలు వెతికే యంత్రం నిజంగానే కోట్లలో ఉంటుంది; జన్యువుల వరుస చదివే యంత్రం కూడా తక్కువేమీ కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మనలాంటి దేశాల కోసమే ఒక సులువైన పద్ధతిని సిద్ధం చేసింది. అన్ని బాక్టీరియాలను వెంటాడకుండా ఒక్క ఈ.కోలైనే తీసుకొని, మనుషుల్లో, ఆహారంలో, నీటిలో, మూడు చోట్లా ఒకే విధంగా కొలుస్తారు. మామూలు అగర్ పళ్లెం మీద ఎన్ని కాలనీలు వచ్చాయో, సెఫోటాక్సిమ్ కలిపిన పళ్లెం మీద ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, నిష్పత్తి రాస్తారు. మా కాలేజీ ప్రయోగశాలలో ఉన్న సామానుతో ఆ పని జరుగుతుంది, ఒక డిగ్రీ విద్యార్థి వారంలో నేర్చుకుంటాడు. భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే ఇన్‌ఫార్ అనే ప్రయోగశాలల నెట్‌వర్క్ చేపల్లో, పశువుల్లో ఈ తరహా సమాచారం సేకరిస్తోంది. ఆ పని ప్రతి డ్రెయిన్ ముఖద్వారానికీ, ప్రతి పెద్ద చేపల మార్కెట్‌కూ రావాలి. ప్రతి నెలా కొలవాలి, ఆ అంకెను జిల్లా పేరుతో, డ్రెయిన్ పేరుతో బయటపెట్టాలి. వానల్లో ఎంత, వేసవిలో ఎంత, పట్టుబడి సీజనులో ఎంత, పట్టణపు మురుగు కలిసే చోటికి ఎగువన ఎంత, దిగువన ఎంత అని తెలిస్తే, ఈ పాపంలో రైతు వాటా ఎంతో, పట్టణం వాటా ఎంతో, కర్మాగారం వాటా ఎంతో విడదీసి మాట్లాడవచ్చు. ఇప్పుడు అందరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారంటే అంకె లేకపోవడం వల్లనే తోసుకోగలుగుతున్నారు.

పట్టుబడికి ముందు పరీక్ష కోసం చెరువు నుంచి రొయ్యల సంచీ ఎలాగూ తీసుకెళ్తున్నారు. ఆ సంచీలోంచి గుప్పెడు రొయ్యల పేగులు, తూము దగ్గరి సీసా నీళ్లు కలిపి అదే రోజు అగర్ పళ్లెం మీదికి చేర్చడానికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న పరీక్షా కేంద్రంలో ఒక ఇంక్యుబేటరు, ఒక మనిషి చాలు. మొదటి రెండు మూడేళ్లు ఆ ఫలితాన్ని రైతు సరుకు తిరస్కరించడానికి వాడకూడదని కూడా నేను గట్టిగా కోరుతున్నాను. శిక్ష భయం ఉంటే సీసాలో కుళాయి నీళ్లు వస్తాయి.

పోయిన నెలలో బాబాయి ఒక ఆదివారం ఉదయాన్నే ఐసు డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చారు. లోపల రెండు సీసాలు ఉన్నాయి. ఒకదాని మీద మార్కరుతో ‘బయటికి’ అని, రెండోదాని మీద ‘లోపలికి’ అని రాశారు.

“తూము దగ్గరది నువ్వు చూశావు కదా అమ్మాయ్. ఏటి నుంచి చెరువులోకి నీళ్లు తోడే మోటారు దగ్గరది కూడా పట్టాను. లోపలికి వచ్చేటప్పుడే ఉందేమో, నా దగ్గరే పెరిగిందేమో, రెండూ చూసి చెప్పు” అన్నారు.

సోమవారం మా విద్యార్థులు ఆ రెండు సీసాలకు రెండు వరుసల పళ్లేలు పోశారు. వరుసకు సగం మామూలు అగర్, సగం సెఫోటాక్సిమ్ కలిపినది. ఇక నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం తానే రెండు సీసాలు తెస్తానని బాబాయి అన్నారు. పక్క చెరువు వాళ్లు కూడా తమవి పంపవచ్చా అని అడిగారట. పంపమన్నాను.